పద్నాలుగు అక్షరాల తాళం

"పన్నెండున్నర దాకా మీ ఇష్టం మేడమ్. పన్నెండూ ముప్ఫై ఒకటికి ఈవిణ్ణి జీపెక్కిస్తాను. ఆ తరవాత నన్నేమీ అనొద్దు," అన్నాడు ఇన్‌స్పెక్టరు.

గోడ గడియారంలో అప్పటికి పదకొండూ ఇరవై.

టైపు మేడమ్ గడియారం వంకా చూడలేదు, అతని వంకా చూడలేదు. బల్ల మీదున్న నాలుగు కాగితాలు ముందుకు లాక్కుని చదవడం మొదలుపెట్టింది. ఇరవై రెండేళ్ళు టైపు నేర్పిన మనిషి ఆవిడ. ఇన్‌స్టిట్యూట్ మూతపడ్డాక డిటెక్టివ్ పని పట్టి తొమ్మిదేళ్ళయినా పాత పేరు వదల్లేదు. ఆవిడ దగ్గర నేర్చుకుని, పరీక్ష రెండుసార్లు తప్పినవాళ్ళలో ఈ ఇన్‌స్పెక్టరు ఒకడు. మీటల వంక చూడకుండా కొట్టడం అతనికి ఎంతకీ పట్టుబడలేదు. ఆ సంగతి ఇద్దరికీ గుర్తుంది. ఇద్దరూ ఎత్తరు.

బల్లకి అవతల, కుర్చీ అంచున కూర్చుంది కెమిస్టు. ముప్ఫై దాటని మనిషి. నాలుగు రోజులుగా కంటిమీద కునుకు లేక మొహం పీక్కుపోయింది. ఆమె తరఫున టైపు మేడమ్‌ని పిలిపించింది మొగుడు కాదు, పుట్టింటివాళ్ళూ కాదు, అత్తగారు. "మా కోడలు కూరలో ఉప్పెక్కువైతే, ఎవరూ అడక్కముందే నేనే వేశానని చెప్పేసుకునే రకం. దానికి దొంగరాతలు రావు. మీరొచ్చి తేల్చండి," అని నిన్న సాయంత్రం ఇంటికొచ్చి కూర్చుందావిడ. ఒప్పుకునేదాకా లేవలేదు.

తేల్చాల్సింది చిన్న సంగతి కాదు. ఈ ఫ్యాక్టరీలో తయారైన కంటి చుక్కల మందు, అరవై ఒకటో బ్యాచ్, ఒక కంటి ఆసుపత్రిలో వేసుకున్న పదకొండు మందికి శుక్లాల ఆపరేషన్ అయిన మర్నాటికల్లా కంట్లో చీము పట్టింది. నలుగురికి ఆ కంటి చూపు ఇక తిరిగి రాదు. నిజానికి ఆ బ్యాచ్ ల్యాబ్ పరీక్షలోనే ఫెయిలైంది. ఫెయిలని కంప్యూటర్లో ఎక్కించింది ఈ కెమిస్టే. మూడు వారాల కిందటి మంగళవారం, మధ్యాహ్నం ఒకటీ ఇరవై ఒకటికి, ఆ 'ఫెయిల్' కాస్తా 'పాస్' అయింది. పరీక్ష ఎవరు రాస్తే వాళ్ళే దిద్దాలన్నది అక్కడి పద్ధతి. దిద్దిన పేరు కూడా ఆమెదే.

ఫిర్యాదు ఇచ్చింది క్వాలిటీ హెడ్, అంటే ల్యాబ్ మొత్తానికి పెద్ద. ఇచ్చి ఊరుకోకుండా, విచారణకి వీలుగా ఉంటుందని తన గది కూడా ఇన్‌స్పెక్టరుకి అప్పగించాడు.

"ఒకరి పాస్‌వర్డ్ ఇంకొకరు పట్టుకోవడం మా దగ్గర జరగని పని మేడమ్," అన్నాడు గోడకి ఆనుకుని నిలబడ్డ నెట్‌వర్క్ ఆఫీసరు. ఫ్యాక్టరీ కంప్యూటర్లన్నిటికీ అతనే కాపలా. "పద్నాలుగు అక్షరాలకి తగ్గకూడదు. పెద్దక్షరం, చిన్నక్షరం, అంకె, గుర్తు, నాలుగూ ఉండాలి. పేర్లు కుదరవు, డిక్షనరీ మాటలు కుదరవు. నెలకోసారి మార్చాలి. ఇదివరకు వాడిన ఇరవై నాలుగింట్లో ఏదీ మళ్ళీ పెట్టకూడదు. మూడుసార్లు తప్పు కొడితే తాళం పడిపోతుంది. ఊహించి కనుక్కోవాలంటే మునిమనవలు కూడా ముసలివాళ్ళవుతారు."

"మరి మనుషులు గుర్తుపెట్టుకోవాలంటే?"

"అది వాళ్ళ బాధ్యతండి."

టైపు మేడమ్ తలూపి కెమిస్టు వైపు తిరిగింది. "నీ పాస్‌వర్డ్ ఎవరికైనా చెప్పావా?"

"లేదండి."

"ఎక్కడైనా రాశావా?"

"లేదండి."

"నెలనెలా మారేది, పద్నాలుగు అక్షరాలు. రాసుకోకుండా ఎలా గుర్తుంది?"

ఆమె ఇన్‌స్పెక్టరు వంక బెదురుగా చూసింది. "నోటికి రాదు మేడమ్. చేతికే వస్తుంది."

ఇన్‌స్పెక్టరు పెద్దగా నవ్వాడు. టైపు మేడమ్ లేచి, మూలన పడి ఉన్న తీగ ఊడిన కీబోర్డు ఒకటి తెచ్చి ఆమె ముందు పెట్టింది. "ఆ మంగళవారానికి ముందు నెల వాడిందే, అలవాటు చొప్పున కొట్టు. నేను చూడను." అని కళ్ళు మూసుకుంది.

టకటకటకటక. చిన్న విరామం. టకటకటకటక. మళ్ళీ విరామం. ఇంకో నాలుగు. చివర రెండు.

"పై వరస నించి ఏటవాలుగా కిందికి నాలుగు మీటలు. పక్కనే ఇంకో నాలుగు, ఈసారి షిఫ్ట్ అదిమిపట్టి. ఆ పక్కన ఇంకో నాలుగు. తోకకి రెండు. నెల మారితే ఒక్క గడి కుడికి జరుపుతావు. అంతేనా?"

కెమిస్టు నోరు తెరిచింది. "కళ్ళు మూసుకున్నారుగా!"

"ఇరవై రెండేళ్ళు చెవులతోనే పాఠం చెప్పాను తల్లీ." టైపు మేడమ్ కళ్ళు తెరిచి నెట్‌వర్క్ ఆఫీసరుని చూసింది. "నీ రూళ్ళలో ఏదైనా తప్పిందా?"

అతను వేళ్ళ మీద లెక్క చూసుకున్నాడు. పెద్దక్షరం ఉంది, చిన్నది ఉంది, అంకె ఉంది, గుర్తు ఉంది. పద్నాలుగూ ఉన్నాయి. "లేదండి," అన్నాడు నీరసంగా. "అందుకే ఆ మంగళవారం పొద్దున్నే కొత్త రూలు పెట్టాను. వరసగా ఉన్న మీటలు కుదరవు."

"ఆ రోజు పొద్దున నీది మార్చే రోజు కూడానా?" అని అడిగింది ఆవిడ కెమిస్టుని.

"అవునండి. ఎనిమిదీ నలభైకి మొదలెట్టాను. ఎప్పటిలా పక్కకి జరిపి కొడితే తీసుకోలేదు. ఆరుసార్లు తిప్పి కొట్టింది. అవతల పరీక్షలు ఆగిపోతున్నాయి, ఏడుపొచ్చింది. చివరికి..." ఆమె సిగ్గుపడింది. "మా అత్తయ్య రోజూ గుమ్మంలో నిలబడి నాకు చెప్పే అప్పగింతలు ఉంటాయండి. వాటిల్లో ఒక్కో మాటకి మొదటి అక్షరం పెట్టాను. మధ్యలో అంకె, గుర్తు. ఎనిమిదీ యాభై రెండుకి తీసుకుంది."

"అది మర్చిపోలేదు కదా?"

"అత్తయ్య మాటలు మర్చిపోవడం మన చేతిలో ఉందా అండి?"

ఇన్‌స్పెక్టరు కూడా నవ్వు ఆపుకోలేకపోయాడు. కానీ వెంటనే మొహం బిగించాడు. "ఒంటిగంట నుంచి రెండు దాకా ల్యాబ్‌కి భోజనాల వేళ. ఈవిడ మాత్రం ఒంటరిగా వెనక మెట్ల మీద కూర్చుని ఫోన్ మాట్లాడానంటుంది. ఒకటీ అయిదు నుంచి ఒకటీ ముప్ఫై ఒకటి దాకా, అత్తగారితో. అత్తాకోడళ్ళ సాక్ష్యం ఎక్కడ నిలబడుతుంది మేడమ్? పైగా ఫోను భుజానికి ఆనించుకుని కూడా టైపు కొట్టొచ్చు."

"కొట్టొచ్చు. నీకైతే కుదరదు," అంది ఆవిడ, కాగితాల్లోంచి తల ఎత్తకుండా. ఇన్‌స్పెక్టరు చెవులు ఎర్రబడ్డాయి. "భోజనం అయ్యాక ఏం జరిగిందమ్మా?"

"ఒకటీ నలభైకి వచ్చి కొడితే తప్పు పాస్‌వర్డ్ అంది. హెల్ప్‌లైన్‌కి బయటికెళ్ళి నా సెల్‌ఫోన్లోంచి చేస్తే తాత్కాలికంగా ఒకటిచ్చారు. దాంతో లోపలికెళ్ళి, నా పొద్దుటిదే మళ్ళీ పెట్టుకుందామని కొట్టాను. ఒప్పుకోలేదు. 'ఇది మీరు ఇదివరకే వాడారు' అంది. సరే, నాదే ఏదో పొరపాటనుకుని ఇంకోటి పెట్టుకున్నాను."

టైపు మేడమ్ చేతిలో కాగితం ఆగిపోయింది. "ఏమంది?"

"ఇదివరకే వాడారు అంది."

"ఆ ముక్క ఇన్‌స్పెక్టరు గారికి చెప్పావా?"

"ఆయన అడగలేదండి."

ఆవిడ లేచి నిలబడింది. పదకొండూ నలభై. "ల్యాబ్ చూద్దాం పదండి."

*

ల్యాబ్‌లోకి సెల్‌ఫోన్లు తీసుకెళ్ళకూడదు, అందుకని వరండాలోంచి చుట్టూ తిరిగి ముందు గుమ్మానికి వచ్చారు. అందరివీ గుమ్మం పక్కనున్న అరల్లో పెట్టించి, తలుపు తీశాడు నెట్‌వర్క్ ఆఫీసరు. పొడుగాటి గది. తొమ్మిది బల్లలు, తొమ్మిది కంప్యూటర్లు. ఆ చివర గాజు తలుపు, దాని వెనక, ఇప్పటిదాకా వీళ్ళు కూర్చున్న క్వాలిటీ హెడ్ గది. పనివాళ్ళని వరండాలోకి పంపేశారు.

"మీవాళ్ళు బాధ్యత ఎలా నిలబెట్టుకుంటున్నారో చూద్దామా?" అని మొదటి బల్ల దగ్గర కీబోర్డు తిరగేసింది టైపు మేడమ్. అడుగున అతికించిన చీటీ. పద్నాలుగు అక్షరాలు. రెండో బల్ల మీద క్యాలెండర్ వెనక పేజీ. నాలుగోదాని దగ్గర చేతితొడుగుల డబ్బా మూత లోపల. అయిదోవాడు మరీ తెలివిగా, కళ్ళజోడు కేసులో మడిచి పెట్టుకున్నాడు. ఆరో బల్లావిడ ఏకంగా తెర అంచునే రాసి, పైన దేవుడి బొమ్మ స్టిక్కరు అంటించింది. పది నిమిషాల్లో తొమ్మిదింటికి ఎనిమిది దొరికాయి. దొరకనిది మూడో బల్ల ఒక్కటే. అది కెమిస్టుది.

నెట్‌వర్క్ ఆఫీసరు నుదురు తుడుచుకున్నాడు. "వీళ్ళకి ఎన్నిసార్లు చెప్పానో..."

"నువ్వు తాళం గట్టిగా చేశావు, వాళ్ళు తాళంచెవి గుమ్మానికి తగిలించారు. తిట్టకు. వాళ్ళకి పని జరగాలి," అంది ఆవిడ. "కానీ ఇక్కడ చూడవలసింది ఇది కాదు."

మూడో బల్ల ముందు కూర్చుని తల తిప్పింది. గాజు తలుపు సూటిగా కనిపిస్తోంది. అవతల పెద్ద బల్ల, దాని మీద ఇన్‌స్పెక్టరు టోపీ, ఫైళ్ళు, సగం తాగిన కాఫీ కప్పు. ఆ బల్ల దగ్గర కూర్చున్న మనిషికి ఈ కీబోర్డు మీద వేళ్ళు అరచేతిలో పెట్టుకున్నట్టు కనిపిస్తాయి. ఆవిడ లేచి గాజు తలుపు దాకా నడిచింది. ఇరవై రెండు అడుగులు. వెనక్కి నడిచింది. మళ్ళీ ఇరవై రెండు.

"వ్యాయామం అయ్యిందా మేడమ్? పన్నెండయింది," అన్నాడు ఇన్‌స్పెక్టరు.

"అయ్యింది. ఇప్పుడు మీ సాక్ష్యం చూద్దాం." కాగితాలు మూడో బల్ల మీద పరిచింది. "ఆ మంగళవారం ఎవరెవరు కంప్యూటర్లలోకి వెళ్ళారో వరస. ఎనిమిదీ యాభై రెండు నుంచి పన్నెండూ ముప్ఫై అయిదు దాకా ఈ అమ్మాయి ఆరుసార్లు లోపలికెళ్ళింది. కొత్త పాస్‌వర్డే. ఒక్క తప్పు లేదు. ఒకటీ పద్నాలుగుకి, ఈ కంప్యూటర్లోనే, ఒక తప్పు. ఒకటీ పదిహేనుకి ఇంకో తప్పు. పొద్దుట్నించి ఆరుసార్లు తప్పకుండా కొట్టిన చెయ్యి, భోజనాల వేళకి వరసగా రెండుసార్లు ఎందుకు తప్పుతుంది?"

"కంగారు. తప్పుడు పని చేస్తున్నప్పుడు చేతులు వణుకుతాయి. మూడోసారి, ఒకటీ పదిహేడుకి, సరిగ్గా కొట్టింది. నేను ఇలాంటివి వంద చూశాను."

"లేదు. కొట్టింది ఈమె పాత పద్ధతి తెలిసినవాళ్ళు. నెల మారిందని తెలుసు, ఒక గడి జరుపుతుందనీ తెలుసు. కొత్త రూలు వచ్చి ఆ పొద్దునే పద్ధతి చెడిందని మాత్రం తెలీదు. రెండుసార్లు తప్పాక ఆగారు. ఎందుకంటే మూడోది తప్పితే తాళం పడుతుంది."

"ఊహ!" అన్నాడు ఇన్‌స్పెక్టరు. "కథలు బాగానే ఉంటాయి మేడమ్. ఆగినవాళ్ళు రెండు నిమిషాల్లో అత్తగారి అప్పగింతలు ఎలా కనుక్కున్నారు?"

"కనుక్కోలేదు. కొత్తది పెట్టించారు. దానికి సాక్ష్యం ఇతని రూలే." ఆవిడ నెట్‌వర్క్ ఆఫీసరు వైపు వేలు చూపించింది. "ఒకటీ నలభైకి ఈమె కొట్టింది తప్పంది మీ కంప్యూటరు. సరే, మర్చిపోయిందనుకుందాం. మరి అదే మాట కొత్తగా పెట్టబోతే, 'ఇదివరకే వాడారు' అని ఎలా అంది? వాడకపోతే అనదు కదా? అంటే ఆమెకి అక్షరం పొల్లుపోకుండా గుర్తుంది. పన్నెండూ ముప్ఫై అయిదు దాకా ఆ తాళం ఆ చెవికే తెరుచుకుంది. ఒకటీ నలభైకి తెరుచుకోలేదు. మధ్యలో ఎవరో తాళం మార్చారు."

ఇన్‌స్పెక్టరు ముందుకి వంగాడు. కాగితం తన వైపు తిప్పుకుని చూశాడు. "మార్చినట్టు ఇందులో ఎక్కడా లేదే?"

"లేదు. ఎడమ పక్క వరస నంబర్లు చదువు."

అతను చూపుడువేలు పెట్టి చదివాడు. "2206... 2207... 2210." వేలు ఆగింది.

"నా దగ్గర ఎవరైనా రెండు వరసలు ఎగ్గొట్టి పేపరిస్తే ఏం చేసేదాన్నో నీకు తెలుసు," అంది టైపు మేడమ్. "ఒకటీ పదిహేనుకీ ఒకటీ పదిహేడుకీ మధ్య రెండు వరసలు లేవు. అక్కడే కాదు, రోజంతా పళ్ళూడిన దువ్వెనలా ఉంది. నేను లెక్కపెట్టాను. మొత్తం అరవై మూడు."

ఇద్దరూ ఒకేసారి నెట్‌వర్క్ ఆఫీసరు వంక చూశారు. అతని పెదాలు పాలిపోయాయి.

"అవి... అవి అక్కర్లేనివనీ..."

"నా కేసులో ఏది అక్కరో నువ్వు తేలుస్తావా?" ఇన్‌స్పెక్టరు గొంతు ల్యాబంతా మోగింది. చొక్కా పట్టుకోవడానికి ఓ అడుగు ముందుకేశాడు. టైపు మేడమ్ మధ్యలోకొచ్చి నిలబడింది.

"ఉండవయ్యా. అరిస్తే నోరు మూసుకుంటాడు." ఆవిడ కుర్చీ లాగి నెట్‌వర్క్ ఆఫీసరుని కూర్చోబెట్టింది. "బాబూ, నలుగురికి చూపు పోయింది. నువ్వు దాచింది దొంగతనం కాదని నాకు తెలుసు. పరువు. చెప్పేయ్."

అతను మోకాళ్ళ మీద చేతులు పెట్టుకున్నాడు. తరవాత మాటలు గబగబా రాలాయి. ఆ మంగళవారం కొత్త రూలు దెబ్బకి సగం ఫ్యాక్టరీకి తాళాలు పడ్డాయి. ఫోన్లు ఆగకుండా మోగాయి. హెల్ప్‌లైన్లో ఉన్నది తనొక్కడే. అడిగినవాళ్ళు ఎవరో కూడా చూడకుండా, గుర్తింపు నంబరు చెప్పినవాళ్ళందరికీ పాస్‌వర్డ్ తీసేసి తాత్కాలికంది ఇచ్చాడు. అందరికీ ఒకటే.

"అందరికీ ఒకటే?"

"పద్నాలుగు అక్షరాలూ ఉన్నాయండి," అన్నాడు అలవాటు చొప్పున, అని నాలిక్కరుచుకున్నాడు. "మామూలుగా అయితే లోపలికెళ్ళగానే దాన్ని మార్చి తీరాలి. మారుస్తుంటే కొత్త రూలు మళ్ళీ తిప్పి కొడుతోంది, మళ్ళీ నాకే ఫోన్లు. అందుకని ఆ రోజుకి ఆ నిబంధన తీసేశాను. తరవాత పెట్టడం మర్చిపోయాను. పైవాళ్ళకి తెలిస్తే ఉద్యోగం ఊడుతుందని, ఆ వరసలు తీసేసి ప్రింటు ఇచ్చాను."

"ఫోన్ చేసినవాళ్ళ వివరం ఏదైనా రాశావా?"

"పుస్తకంలో రాశానండి. టైము, లోపలి ఫోను నంబరు, ఎవరి ఖాతా అనేది."

"తీసుకురా. పరిగెత్తు."

పన్నెండూ పన్నెండుకి పుస్తకం వచ్చింది. టైపు మేడమ్ వేలు ఒకటీ పదహారు దగ్గర ఆగింది. ఒకే ఫోను నుంచి రెండు ఖాతాలు. నలభై ఒకటో నంబరు ఫోను. మొదటి ఖాతా కెమిస్టుది. రెండోది ఇంకో గుర్తింపు నంబరు.

"ఇదెవరిది?"

తలుపు దగ్గర నిలబడ్డ కెమిస్టు తొంగి చూసింది. "మా ల్యాబ్‌లో అక్కదండి. ఏడో బల్ల. కానీ అక్క అప్పటికే కాన్పుకి సెలవులో వెళ్ళిపోయింది. ఆ ముందు శనివారం నుంచే రావట్లేదు."

"నొప్పులు పడుతున్న మనిషికి ఇక్కడ పాస్‌వర్డ్ ఎందుకు కావాలి?" అంది టైపు మేడమ్ మెల్లగా. తరవాత నెట్‌వర్క్ ఆఫీసరు వైపు తిరిగింది. "నలభై ఒకటి ఎవరి గదిలో ఉంది?"

"నంబర్ల పట్టిక పైన ఉందండి. చూసి..."

"పట్టిక వద్దు. పైకెళ్ళి నలభై ఒకటికి ఫోన్ కొట్టు. తరవాత, ఆ తాత్కాలిక పాస్‌వర్డ్‌తో ఇప్పటికీ ఎంతమంది నడుస్తున్నారో, ఈ అక్క ఖాతా ఆఖరిసారి ఎప్పుడు తెరుచుకుందో చూసి చెప్పు."

అతను వెళ్ళాడు. ల్యాబ్‌లో ముగ్గురే మిగిలారు. ఏదో యంత్రం సన్నగా గుర్రుమంటోంది. ఒక నిమిషం. రెండు.

గాజు తలుపు వెనక ఫోను మోగింది.

ఇన్‌స్పెక్టరు చప్పున తల తిప్పాడు. ఫోను మోగుతున్నది అతను నాలుగు రోజులుగా కూర్చుంటున్న బల్ల మీద. అతని టోపీ పక్కన, అతని కాఫీ కప్పు పక్కన.

"ఇరవై రెండు అడుగులు," అంది టైపు మేడమ్. "రెండుసార్లు తప్పు కొట్టి, లేచి వెళ్ళి, ఫోన్ చేసి, తిరిగొచ్చి కూర్చోవడానికి రెండు నిమిషాలు బోలెడు. ల్యాబ్‌లోకి సెల్‌ఫోన్లు రావు. దగ్గర్లో ఉన్న ఫోను అదొక్కటే. ఆ గది తాళంచెవి ఒక్క మనిషి దగ్గరే ఉంటుంది."

ఇన్‌స్పెక్టరు మొహంలో రంగులు మారాయి. "ఆయనే ఫిర్యాదు ఇచ్చాడు. ఆయనే... రోజూ కాఫీ తెప్పించేవాడు. నా ఫైళ్ళన్నీ ఆ బల్ల మీదే వదిలేసి వెళ్ళేవాణ్ణి."

"అందుకే గది ఇచ్చాడు."

ఇన్‌స్పెక్టరు గాజు తలుపు తోసుకుని వెళ్ళి టోపీ తీసుకుని, ఫైళ్ళు చంకలో పెట్టుకుని బయటికొచ్చాడు. కెమిస్టు ముందు ఓ క్షణం నిలబడ్డాడు. "పొరపాటు నాదమ్మా," అన్నాడు పొడిగా. "ఈ మనిషి ఇవాళ ఎక్కడ?"

"పొద్దున కనిపించారండి," అంది ఆమె. కుర్చీలో కూలబడింది. ఏడవడానికి కూడా ఆమెకి వ్యవధి దొరకలేదు. నెట్‌వర్క్ ఆఫీసరు మెట్లు దూకుతూ వచ్చాడు.

"పందొమ్మిది మంది ఇంకా దాంతోనే ఉన్నారు మేడమ్. అక్క ఖాతా నిన్న సాయంత్రం అయిదూ నలభైకి తెరుచుకుంది. అరవై రెండో బ్యాచ్. ఫెయిల్ తీసేసి పాస్ రాశారు."

"అరవై రెండా?" కెమిస్టు ఒక్క ఉదుటున లేచింది. "అదీ అదే ట్యాంకు మేడమ్! ఒకే ట్యాంకులో మందు. సగం అరవై ఒకటని నింపారు, సగం అరవై రెండని. పారబోయాలని అక్క రాసి వెళ్ళింది. ఆ సీసాలు ఇంకా గోడౌన్లోనే ఉన్నాయా?"

"ఉన్నాయో లేదో గేటువాడికి తెలుస్తుంది," అంది టైపు మేడమ్. అప్పటికే అరలోంచి తన ఫోను లాక్కుంటోంది.

*

గేటు దగ్గర కాపలా మనిషి పుస్తకం తిరగేశాడు. తీరిగ్గా చదివే అలవాటున్న మనిషి. ఇన్‌స్పెక్టరు అతని చేతిలోంచి పుస్తకం లాగేసుకున్నాడు.

"పదీ నలభై. వ్యాను. కంటి చుక్కలు, అరవై రెండో బ్యాచ్, నలభై పెట్టెలు. దాని వెనకే కారు, క్వాలిటీ హెడ్."

"అవునండి," అన్నాడు కాపలా మనిషి. "పాడైన సరుక్కి బదులు ఇస్తామని మాటిచ్చారటండి. ఆసుపత్రివాళ్ళు మన మందు ఇక ముట్టేది లేదన్నారట. ఆ ఆర్డరు పోతే తన కుర్చీ ఉండదని, సారే స్వయంగా నచ్చజెప్పడానికి వెళ్ళారు. రెండింటి నుంచీ ఆపరేషన్లున్నాయట. ఇరవై ఆరు మందికి."

పన్నెండూ ముప్ఫై ఆరు. ఆసుపత్రికి దారి గంటా పావు.

ఇన్‌స్పెక్టరు ఆసుపత్రి మందుల స్టోరుకి ఫోన్ కొట్టాడు. మూడో రింగుకే ఎవరో ఎత్తారు. తను ఎవరో, ఏ ఫ్యాక్టరీ నుంచో చెప్పాడు. అవతల మనిషి ఉత్సాహంగా, "మీ ఫ్యాక్టరీ సారు ఇక్కడే ఉన్నారండి, ఇదిగో మాట్లాడండి," అని ఇచ్చేశాడు.

"చెప్పండి ఇన్‌స్పెక్టరు గారూ." నిదానమైన గొంతు. జీపు పక్కన నిలబడ్డ టైపు మేడమ్‌కి కూడా వినిపిస్తోంది. "మా ల్యాబ్ అమ్మాయి ఒప్పుకుందా?"

ఇన్‌స్పెక్టరు నోటిదాకా వచ్చిన బూతు పళ్ళ మధ్యే నలిగిపోయింది. టైపు మేడమ్ అతని కళ్ళలోకి సూటిగా చూసి, తల నిలువుగా ఊపింది.

"ఒప్పుకుంది సార్," అన్నాడు అతను. గొంతు ఎక్కడా తొణకలేదు. "కేసు మూసేస్తున్నా. మీ సంతకం ఒక్కటి కావాలి. నేనే వస్తున్నా, మీరు అక్కడే ఉండండి."

"పాపం, మంచి పిల్ల. సరే, రండి. ఇక్కడ పెట్టెలు విప్పించే పనిలో ఉన్నాను."

ఫోను పెట్టేసి ఒక్క గెంతులో జీపెక్కాడు. "స్థానిక స్టేషనుకి చెబుతాను. కానీ వాళ్ళు చేరడానికైనా అరగంట. స్టోరువాడు ఆయన చెప్పుచేతల్లో ఉన్నాడు. ఈలోగా ఆ సీసాలు లోపలికి వెళ్ళిపోతే?"

"స్టోరుకి చెప్పొద్దు. చుక్కలు వేసే చేతికి చెప్పాలి," అంది టైపు మేడమ్, వెనక సీట్లోకి కెమిస్టుని తోస్తూ. "ఆపరేషన్ థియేటరు సిస్టరు నంబరు నీ దగ్గరుందా?"

"ఉందండి. పాత ఫిర్యాదులకి మాట్లాడేదాన్ని."

"కొట్టు. ఏ బ్యాచో, ఏ ట్యాంకో, ఎందుకు ఫెయిలో, నీకన్నా బాగా చెప్పగలిగేవాళ్ళు లేరు."

జీపు గేటు దాటింది. సైరను కూత మధ్య కెమిస్టు ఫోను చెవికి అదిమిపెట్టుకుంది.

"రింగవుతోంది మేడమ్. ఎవరూ ఎత్తట్లేదు."

"మళ్ళీ కొట్టు."

"కట్టయిపోయింది."

"మళ్ళీ కొట్టమ్మా. ఎవరో ఒకరు ఎత్తేదాకా కొడుతూనే ఉండు."